జబ్బు రోగిది, కబురు కూడా రోగిదే



ఈసారి మందుల గురించి గాని, ఆహార నియమాల గురించి గాని కాకుండా, వార్డుల్లో రోజూ మా కంటబడుతున్న ఒక అలవాటు గురించి రాయదలచాము. రోగి ఆసుపత్రిలో చేరిన గంటలోపే ఆ రోగి పేరు, ఊరు, జబ్బు, ఒక్కోసారి సెలైను ఎక్కుతున్న ఫొటోతో సహా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. ప్రార్థన చేస్తారని ఒకరు పెడతారు. బంధువులందరికీ విడివిడిగా చెప్పలేక ఇంకొకరు పెడతారు. కంగారులో ఏం చేయాలో తోచక మరొకరు పెడతారు. చెడు ఉద్దేశంతో పెట్టేవారు చాలా తక్కువ. ప్రేమతోనే పెడతారు. అయినా ఆ ప్రేమ వల్లనే మంచం మీద ఉన్న మనిషి నొచ్చుకోవడం మేము చూస్తున్నాము.

మా అభిప్రాయం ఒక్కటే. జబ్బు ఎవరిదో దాని కబురు కూడా వారిదే. వారిని అడగకుండా, వారు ఒప్పుకోకుండా అది గ్రూపుకు ఎక్కకూడదు.

గ్రూపు గది కాదు, బజారు

పూర్వం ప్రార్థన విన్నపం ఉంటే ఆదివారం ఆరాధనలో లేచి చెప్పేవారు, లేదా స్త్రీల కూడికలో పక్కనున్నవారి చెవిలో చెప్పేవారు. విన్నవారు ఎవరో చెప్పినవారికి తెలుసు. ఆ మాట గోడ దాటినా, ఊరు దాటేసరికి సగం మరుగున పడేది.

ఫోనులో పెట్టిన మాట అలా పోదు. వాట్సాప్ గ్రూపులో ఒకప్పుడు 256 మందే ఉండేవారు. 2022 నుండి 1024 మంది వరకు ఉండవచ్చు. టెలిగ్రామ్ గ్రూపులో రెండు లక్షల మంది వరకు ఉండవచ్చు. అక్కడి పబ్లిక్ గ్రూపులనైతే చేరకుండానే చదవవచ్చు, ఈరోజు చేరినవారు కూడా పాత సందేశాలు వెనక్కి వెళ్లి చూడవచ్చు. ఫేస్‌బుక్‌లో పబ్లిక్ గ్రూపులో రాసినది ఎవరైనా చదవవచ్చు. ఈ సంఖ్యలు చూస్తే అది గది కాదు, సంతరోజు బజారు అని అర్థమవుతుంది.

"మా గ్రూపు అంతా మనవాళ్లే సిస్టరుగారూ" అని కొందరు అంటారు. 200 మంది ఉన్న గ్రూపులో ఉన్నవారందరి పేర్లు మీరు చెప్పగలరా? ఎప్పుడో చేర్చినవారు, ఊరు మారినవారు, నంబరు మార్చినవారు, పిల్లల చేతికి ఫోను ఇచ్చినవారు అందులో ఉంటారు. రేపు మీ అమ్మాయిని చూడడానికి వచ్చే పెళ్లివారి బంధువు కూడా అందులో ఉండవచ్చు.

"వాట్సాప్‌లో రహస్యంగానే ఉంటుందట కదా" అని మరికొందరు అంటారు. 2016 నుండి వాట్సాప్ సందేశాలకు ఒక రకమైన తాళం ఉన్న మాట నిజమే. పంపిన ఫోను నుండి అందుకున్న ఫోను దాకా మధ్యలో ఎవరూ చదవకుండా ఆ తాళం కాపాడుతుంది. అందుకున్నవారు దానిని మరొకరికి పంపకుండా, తెర ఫొటో తీసి దాచుకోకుండా అది ఆపలేదు. ఉత్తరం భద్రంగా అందింది, అందుకున్నవారు దానిని వీధిలో చదివి వినిపించారు, అంతే.

వార్డులో మేము చూస్తున్నవి

కొత్తగా వచ్చే నర్సింగు విద్యార్థినులకు మేము మొదట నేర్పేవాటిలో ఒకటి మంచం చుట్టూ తెర వేయడం. కట్టు మార్చినా, బట్టలు మార్చినా, పాన్ పెట్టినా ముందు తెర లాగాలి. జబ్బుతో ఒళ్లు స్వాధీనంలో లేని మనిషికి మిగిలిన గౌరవం అదొక్కటే. మేము ఇటు తెర లాగుతుండగానే అటు నుండి బంధువు ఫోను ఎత్తి ఫొటో తీస్తే ఆ తెర వల్ల లాభమేమిటి? ఆ ఫొటోలో పక్క మంచం మీది రోగి కూడా పడతారు. వారిని ఎవరు అడిగారు? గోడ మీద రాసిన పేరు, మంచం నంబరు, కేస్ షీటు మీది అక్షరాలు కూడా పడతాయి.

ఇంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. తన సంగతి నలుగురిలో పడుతుందని భయపడిన రోగి మాకు కూడా నిజం చెప్పడు.

ఆపరేషనుకు ముందు మత్తు డాక్టరుగారు చాలా ప్రశ్నలు అడుగుతారు. ఫిట్స్ మందులు వాడుతున్నారా, ఉబ్బసం ఉందా, మద్యం అలవాటు ఉందా అని అడిగేది ఊరికే కాదు. రోజూ తాగే మనిషి ఆ సంగతి దాచిపెట్టి వార్డులో చేరితే, ఒక్కసారిగా తాగుడు ఆగడం వల్ల రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, లేనివి కనబడడం, ఫిట్స్ రావడం జరగవచ్చు. అది ప్రాణం మీదికి రావచ్చు. ముందే తెలిస్తే మందు ఇచ్చి కాపాడవచ్చు. కాని చుట్టూ బంధువులు ఫోన్లు పట్టుకొని నిలబడి ఉంటే ఏ పెద్దమనిషి నోరు విప్పుతాడు? ఇంతకుముందు గర్భం పోయిన సంగతి ఏ కోడలు చెబుతుంది?

క్షయ సంగతీ ఇంతే. మామూలు క్షయకు ఆరు నెలలు క్రమం తప్పకుండా మందులు వాడితే నయమవుతుంది. మధ్యలో ఆపితే మందులకు లొంగని క్షయగా మారే ప్రమాదం ఉంది. ఊరి గ్రూపులో పేరు వచ్చిందని సిగ్గుపడి, దగ్గరి ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం మానేసి, ఎవరికీ తెలియని దూరపు ఊరికి వెళ్లి మందులు తెచ్చుకునేవారు ఉన్నారు. బస్సు ఖర్చుకు డబ్బు లేని నెలలో మందు ఆగిపోతుంది. ఆ నష్టం ఆ ఒక్కరితో పోదు, ఇంటిల్లిపాదికీ ఊరికీ తగులుతుంది.

హెచ్.ఐ.వి., పిల్లలు కలగకపోవడం, గర్భస్రావం, మానసిక జబ్బులు, మూర్ఛ, ఆత్మహత్యా ప్రయత్నం – ఈ కబుర్లు గ్రూపులో పడితే రోగి ఇంటికి తిరిగి వెళ్లేసరికి ఊరు వారిని చూసే చూపు మారిపోయి ఉంటుంది. గాయానికి మేము కట్టు కట్టగలము. ఆ చూపుకు మా దగ్గర మందు లేదు.

తన సంగతి తానే చెప్పుకోవడం

ఇంతవరకు ఒకరి సంగతి మరొకరు పెట్టడం గురించి చెప్పాము. తమ సంగతి తామే పెట్టుకునేవారి గురించి కూడా చెప్పాలి. ఇప్పుడు షుగరు ఉన్నవారికి, క్యాన్సరు ఉన్నవారికి, పిల్లల కోసం చికిత్స పొందుతున్నవారికి వేర్వేరు గ్రూపులు ఉన్నాయి. వాటిని మేము తప్పుపట్టము. రాత్రి రెండు గంటలకు నిద్ర పట్టక, ఇంట్లో ఎవరినీ లేపలేక ఉన్న మనిషికి, ఎక్కడో ఒకరు "నాకూ ఇలాగే ఉండేది, తగ్గింది" అని చెబితే కలిగే ధైర్యం చిన్నది కాదు.

అయితే ఆ ధైర్యం కోసం ఎంత ఇస్తున్నామో చూసుకోవాలి. చాలామంది రక్తపరీక్ష రిపోర్టును ఉన్నది ఉన్నట్టుగా ఫొటో తీసి పెడతారు. దాని మీద పేరు, వయసు, ఫోను నంబరు, ఆసుపత్రి నంబరు, డాక్టరుగారి పేరు ఉంటాయి. కొన్నింటి మీద గళ్ల గళ్ల చదరపు ముద్ర కూడా ఉంటుంది. దానిని ఫోనుతో చూస్తే పూర్తి రిపోర్టు తెరుచుకోవచ్చు. కొందరు ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డులు కూడా పెట్టేస్తారు.

ఇలాంటి గ్రూపుల్లో రోగులు మాత్రమే ఉండరు. పసరు మందులు, పొడులు అమ్మేవారు కాచుకొని ఉంటారు. మీ జబ్బు, మీ నంబరు తెలిసిన వారం లోపల "ఆపరేషను లేకుండా నయం చేస్తాము" అని ఫోను రావచ్చు. భీమా కంపెనీ నుండి అని, ఆరోగ్యశ్రీ నుండి అని చెప్పి ఓటీపీ అడగవచ్చు. మీ పేరు, జబ్బు, డాక్టరుగారి పేరు వాళ్లే చెబుతుంటే ఎవరైనా నమ్ముతారు. ఆ వివరాలు మనమే ఇచ్చామన్న సంగతి అప్పటికి గుర్తుండదు.

తీసేస్తే సరిపోదా అంటారేమో. వాట్సాప్‌లో అందరి ఫోన్ల నుండి సందేశం తొలగించడానికి పంపినవారికి సుమారు రెండు రోజుల గడువు ఉంటుంది. ఈలోగా మరో గ్రూపుకు వెళ్లిపోయిన దానిని తొలగించడం మీ చేతిలో ఉండదు. ఒలికిన నీళ్లను ఎత్తలేము.

కరోనా కాలం నేర్పిన పాఠం

"కరోనాలో గ్రూపుల వల్లనే కదా ప్రాణాలు నిలిచాయి?" అని అడిగేవారు ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజను కోసం, మంచం కోసం, ప్లాస్మా కోసం రోగి పేరు, వయసు, ఆక్సిజను శాతం, ఫోను నంబరు పెట్టి దేశమంతా అడిగారు. ఎందరికో సహాయం అందింది. అదే సమయంలో నంబర్లు పెట్టిన స్త్రీలకు వేధింపు కాల్స్ వచ్చాయని పత్రికలు రాశాయి. ఆక్సిజను సిలిండరు ఇస్తామని ముందుగా డబ్బు వేయించుకొని మాయమైనవారి సంగతులూ అప్పుడే వచ్చాయి.

అంతకు ముందు సంవత్సరం, 2020 మార్చిలో, కర్ణాటకలో ఇళ్లలో క్వారంటైనులో ఉన్నవారి చిరునామాల జాబితాలు ప్రభుత్వమే వెబ్‌సైటులో పెట్టింది. అవి ఫోన్లలో తిరిగాయి. జబ్బే లేకుండా, కేవలం విదేశం నుండి వచ్చినందుకు జాబితాలో ఉన్నవారు కూడా ఇరుగుపొరుగు భయానికి గురయ్యారు.

ఈ రెండింటి నుండి మేము నేర్చుకున్నది ఇది. అవసరం ఉన్నప్పుడు తప్పక అడగండి. అడగడానికి కావలసినంతే చెప్పండి. రక్తం కావాలంటే గ్రూపు పేరు, ఆసుపత్రి పేరు, ఎప్పటి వరకు కావాలో తేదీ, సంప్రదించవలసిన ఒకరి నంబరు చాలు. రోగి పేరు, జబ్బు, ఫొటో రక్తదాతకు అక్కర లేదు. తేదీ వేయని రక్తం విన్నపాలు రోగి ఇంటికి వెళ్లిన చాలాకాలం వరకు తిరుగుతూనే ఉంటాయి. పని జరిగిన వెంటనే "అందింది, ఇక పంపవద్దు" అని రాయండి.

వివరం తెలియకుండా ప్రార్థించలేమా?

సంఘ కుటుంబాల నుండి మాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. మార్కు సువార్త 5వ అధ్యాయంలో యాయీరు కుమార్తె సంగతి మీ అందరికీ తెలుసు. ఇంటి నిండా జనం, గోల. ప్రభువు వారందరినీ బయటికి పంపి, తల్లిదండ్రులను, ముగ్గురు శిష్యులను మాత్రమే వెంటబెట్టుకొని ఆ పిల్ల ఉన్న చోటికి వెళ్లారు. పిల్ల లేచిన తరువాత ఈ సంగతి ఎవరికీ తెలియనీయవద్దని చెప్పి, పిల్లకు తినడానికి ఏదైనా పెట్టమన్నారు. మంచం దగ్గర ఎవరు ఉండాలి, ఎవరు ఉండకూడదు అన్నది ఆయన ఆలోచించారు. మనమెందుకు ఆలోచించకూడదు?

"మన సంఘంలో ఒక సహోదరి ఆసుపత్రిలో ఉన్నారు, ప్రార్థించండి" అంటే చాలు. ఏ అవయవానికి ఏమైందో దేవునికి మనం గ్రూపులో రాసి తెలియజేయనక్కర లేదు.

దాచడం వేరు, కాపాడడం వేరు

మేము జబ్బును దాచమని చెప్పడం లేదు. క్షయ ఉన్నవారు ఇంట్లోవారికి చెప్పాలి, వారు కూడా పరీక్ష చేయించుకోవాలి. హెచ్.ఐ.వి. ఉన్నవారు జీవిత భాగస్వామికి చెప్పడానికి మా కౌన్సెలరు సహాయం చేస్తారు. డాక్టరుకు, నర్సుకు అంతా చెప్పాలి. తెలియవలసినవారికి తెలియాలి. తెలియనక్కర లేనివారికి చేరకూడదు.

కొందరు రోగులు తమ జబ్బు గురించి ధైర్యంగా నలుగురిలో మాట్లాడతారు. రొమ్ము క్యాన్సరు నుండి కోలుకున్న స్త్రీ తన కథ చెబితే పదిమంది పరీక్షకు వస్తారు. అలాంటివారికి మా వందనాలు. అయితే ఆ నిర్ణయం ఆమెది. ఒళ్లు కుదుటపడి, ఆలోచించుకొని, తానుగా తీసుకున్నది. మత్తులో ఉండగా మరిది గ్రూపులో పెట్టడం దానితో సమానం కాదు.

చిన్నపిల్లల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. అయిదేళ్ల పిల్లకు ఫిట్స్ వచ్చినప్పుడు తీసిన వీడియోను డాక్టరుగారికి చూపించండి, చికిత్సకు చాలా ఉపయోగపడుతుంది. గ్రూపులో మాత్రం పెట్టకండి. ఆ పిల్లకు ఇరవై ఏళ్లు వచ్చేనాటికి కూడా అది ఎవరి ఫోనులోనో ఉంటుంది.

చట్టం ఏమంటుంది?

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. 2017లోనే వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ప్రకారం, నమ్మకంతో చెప్పిన హెచ్.ఐ.వి. సంగతిని ఆ వ్యక్తి సమ్మతి లేకుండా ఇతరులకు వెల్లడించకూడదు. చట్టమే చెప్పిన కొన్ని సందర్భాలకు మాత్రమే మినహాయింపు. అదే సంవత్సరపు మానసిక ఆరోగ్య చట్టం, మానసిక వైద్యశాలలో ఉన్న రోగి ఫొటోను గాని వివరాలను గాని సమ్మతి లేకుండా పత్రికలకు, ఛానళ్లకు ఇవ్వకూడదంటుంది.

2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా వచ్చింది. దానిలో ఒక సంగతి మీరు తప్పక తెలుసుకోవాలి. ఒక మనిషి తన వివరాలను తానే అందరికీ తెలిసేలా బయటపెట్టుకుంటే, ఆ వివరాలకు ఈ చట్టం వర్తించదు. అందరూ చూడగల చోట మన రిపోర్టు మనమే పెడితే, ఈ చట్టం పట్టిన గొడుగును మనమే మూసుకున్నట్టు.

మా విన్నపాలు

రోగులకు: చేరేటప్పుడే మీ సంగతి ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో మీ దగ్గరివారికి, వార్డు సిస్టరుకు చెప్పండి. రిపోర్టు పంపవలసి వస్తే పేరు, ఫోను, అన్ని నంబర్లు, చదరపు ముద్ర కాగితంతో కప్పి ఫొటో తీయండి. ఎవరు పడితే వారు మిమ్మల్ని గ్రూపుల్లో చేర్చకుండా వాట్సాప్ సెట్టింగులలో మార్చుకోవచ్చు. చేతకాకపోతే ఇంట్లో పిల్లలను అడగండి.

కుటుంబాలకు: బంధువులకు కబురు చెప్పే బాధ్యత ఒక్కరికే అప్పగించండి. వారు ఫోను చేసి నోటితో చెప్పడం అన్నిటికంటే మేలు. వార్డులో ఫొటోలు తీయవద్దు. పుట్టిన బిడ్డ ఫొటో అయినా తల్లిని అడిగి తీయండి, చేతికి కట్టిన చీటీ కనబడకుండా తీయండి.

గ్రూపు నడిపేవారికి, సంఘ పెద్దలకు: అడ్మిన్లు మాత్రమే సందేశం పెట్టే ఏర్పాటు వాట్సాప్‌లో ఉంది. ప్రార్థన గ్రూపుకు అది పెట్టి, విన్నపాలు ముందుగా పాస్టరుగారికో, ఒక పెద్దకో పంపించుకోండి. వారు కుటుంబాన్ని అడిగి, అవసరమైనంత వరకే పెట్టవచ్చు. ఎవరైనా రోగి ఫొటో, రిపోర్టు పెడితే అందరి ఫోన్ల నుండి తొలగించే వీలు అడ్మినుకు ఉంది. దానిని వాడండి. పెట్టినవారిని అందరిలో కోప్పడకుండా విడిగా ఫోను చేసి చెప్పండి.

మోసం జరిగి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి. రాత్రివేళ మనసు బాగోక, గ్రూపులో చెప్పుకోవాలనిపించినప్పుడు 14416 టెలిమానస్ నంబరుకు చేయండి. పగలూ రాత్రీ ఉచితంగా మాట్లాడతారు. హెచ్.ఐ.వి. గురించి అడగాలంటే 1097 ఉంది.

నర్సింగు శిక్షణలో దీపం వెలిగించే రోజున మేము చేసే ప్రమాణం 1893లో అమెరికాలో రూపొందింది, నైటింగేల్ గారి పేరు మీద నడుస్తోంది. మా చేతికి వచ్చిన రోగుల స్వంత సంగతులను, వారి కుటుంబ సంగతులను మాలోనే ఉంచుకుంటామన్నది ఆ ప్రమాణంలో ఒక భాగం. ఇన్నాళ్లూ ఆ బాధ్యత డాక్టర్లది, నర్సులది అనుకున్నారు. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోను ఉంది కనుక ఆ బాధ్యత అందరిదీ అయింది.

ఈసారి మీ వేలు పంపే గుర్తు మీదికి వెళ్లినప్పుడు, మంచం మీద ఉన్నది మీరే అయితే ఇది పంపనిస్తారా అని ఒక్క క్షణం ఆలోచించండి. పంపనివ్వరు అనిపిస్తే ఫోను పక్కన పెట్టి, రోగి దగ్గర కాసేపు కూర్చోండి. వారికి కావలసింది ఎక్కువసార్లు అదే.